పది ఎక్కడికి పోయింది

డ్రైవరు అప్పలసూరికి లోకంలో రెండే గొప్పలు. ఇన్నేళ్లలో తన చేతి కింద ఉన్న ఏ బండికీ ఒక్క గీత పడలేదన్నది మొదటిది. కిల్లర్ సుడోకు రెండోది. మొదటిది ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు. రెండోది అడిగేదాకా ఆగేవాడు గానీ, ఒకసారి మొదలెట్టాక ఆపడం ఎవరి తరమూ అయ్యేది కాదు.

నెల్లిమర్ల దాటాక ఉన్న ఓ ప్రైవేటు బడి బస్సు అతనిది. అంతకు ముందు రాయపూర్ దాకా లారీ తోలాడు. బడికి వచ్చాక, పొద్దున్న పిల్లల్ని దించితే సాయంత్రం గంట కొట్టేదాకా చేతికి పని లేదు. మిగతా డ్రైవర్లు పేక ముక్కలతో సరిపెట్టుకునేవారు. ఇతనికి లెక్కల టీచరు భారతి ఓ రోజు సుడోకు కాగితం ఇచ్చింది. మామూలు సుడోకు కొన్నాళ్లకే చప్పబడిపోయింది. అప్పుడావిడ నెట్‌లోంచి కిల్లర్ సుడోకు తీసి, మధ్యరకం కష్టం ఉన్నవి, రోజుకొకటి అచ్చేసి ఇవ్వడం మొదలుపెట్టింది.

ఇందులో ముందుగా వేసి ఉంచిన అంకెలు ఉండవు. కొన్నేసి గళ్లను చుక్కల గీతతో గుంపు కట్టి, గుంపు మూలన చిన్నగా దాని మొత్తం వేసి ఊరుకుంటారు. రెండు గళ్ల మీద మూడు అని ఉంటే అవి ఒకటీ రెండూ. పదిహేడు అని ఉంటే ఎనిమిదీ తొమ్మిదీ. ఏ వరసలోనైనా ఒకటి నుంచి తొమ్మిది దాకా ఒక్కోసారే రావాలి కాబట్టి వరస మొత్తం ఎప్పుడూ నలభై అయిదే. ఆ నలభై అయిదు మీద అప్పలసూరికి దేవుడి మీద ఉన్నంత గురి. ఊహించి అంకె వేయడమంటే మాత్రం ఒంటికి కారం రాసుకున్నట్టే ఉండేది. అది సూడకుండా మలుపు తిప్పడమేనని కసిరేవాడు. మధ్యరకం పజిలు మధ్యాన్నం భోజనం లోపలే తేల్చి పారేసేవాడు.

అలాంటివాడికి ఈ మధ్య తేలడం మానేసింది.

ఒక పొద్దున్న లేస్తూనే తల పగిలిపోయేలా నొప్పి వచ్చింది. మాత్ర మింగి బస్సెక్కాడు. సాయంత్రానికి తగ్గింది, దాన్ని మరిచిపోయాడు. మరిచిపోకుండా ఉంటే ఎంత బాగుండును.

ఆ తర్వాత భార్య గున్నమ్మకి కోపం వచ్చింది. కంచంలో కుడి పక్క అన్నమంతా తింటాడు, ఎడమ పక్క వేసిన కూర ముట్టుకోడు. ఉప్పు తక్కువైందా అంటే అసలు కూరే వెయ్యలేదంటాడు. వయసు మీద పడ్డాక ఈ పరాచికాలేమిటని ఆవిడ మూతి ముడుచుకుంది. గడ్డం గీసుకొస్తే ఎడమ చెంప మీద నెరిసిన వెంట్రుకలు అలాగే మిగిలేవి. సగం జీతానికి సగం గడ్డమా అని తోటి డ్రైవర్లు నవ్వితే తనూ నవ్వాడు. బస్సు ఎడమ పక్క పొడుగాటి గీత పడిందని వాచ్‌మన్ చూపిస్తే, నిలబెట్టిన బండిని ఎవడో గీకిపోయాడని తిట్టిపోశాడు. చంపావతి ఏటి వంతెన మీద పాలు పోసే అతనొకడు గొంతు చించుకుని బూతులు తిట్టాడు. ఎందుకు తిట్టాడో అప్పలసూరికి బోధపడలేదు. ఇవన్నీ ఒకచోట పెట్టి చూసే నాథుడు లేకపోయాడు.

దానికి తోడు బస్సు ఆయా కూర్మమ్మ కూతురి పురుడుకని సెలవు పెట్టింది. పిల్లలందరూ ఎక్కాక బస్సును అరచేత్తో చరిచి రైట్ చెప్పే మనిషి ఆవిడే. బస్సు తలుపూ మెట్లూ ఉండేది ఎడమ పక్కనే.

ఆ సాయంత్రం, చివరి గంటకి కాస్త ముందు, అప్పలసూరి కాగితం పట్టుకుని విసురుగా భారతి దగ్గరకొచ్చాడు. తప్పుల తడక పజిలిచ్చి తన బుర్ర తిన్నదని అతని కోపం.

"మొదటి వరస నాలుగు గుంపులూ కలిపితే ముప్పై అయిదే వస్తన్నాది మేడమ్. పది ఎక్కడికి పోయింది?"

ఆవిడ కలిపి చూసింది. పదిహేను, పన్నెండు, ఎనిమిది, పది. నలభై అయిదు సరిగ్గా వచ్చింది. మొదటి గుంపు మీద ఎంతుందో చదవమంది. అయిదు అన్నాడు. ఆవిడ నవ్వి, మళ్లీ చూడమంది. మళ్లీ అయిదే అన్నాడు. నవ్వు ఆగిపోయింది. కాగితాన్ని మెల్లగా అతనికి కుడి పక్కకి జరిపింది.

అప్పలసూరి చాలాసేపు చూశాడు. అయిదు పక్కన ఒకటి ఉంది. "పదిహేను," అన్నాడు గొంతు తగ్గించి. ఆవిడ కాగితాన్ని మళ్లీ ఎడమ పక్కకి జరిపింది. ఒకటి పోయింది.

భారతికి వాళ్ల నాన్న గుర్తొచ్చాడు. ఆయనకి పక్షవాతం వచ్చినప్పుడు సరిగ్గా ఇలాగే, సగం పేపరు చదివి వార్తలు అర్థం కావడం లేదని విసుక్కునేవాడు.

"అప్పలసూరి గారూ, మీకు ఎడమ పక్క కనబడటం లేదు. ఇది కళ్ల జబ్బు కాదు, తలలో ఏదో అయింది. ఇప్పుడే ఆస్పత్రికి వెళ్లాలి. బస్సు మాత్రం తియ్యకండి," అని, వేరే డ్రైవర్ని పిలిపించడానికి ప్రిన్సిపాల్ గదికి పరుగెత్తింది.

అతను అక్కడే నిలబడిపోయాడు. భయం కంటే ముందు రోషం వచ్చింది. ఈ మాట బయటికి పొక్కితే లైసెన్సు పోతుంది, స్టీరింగు పోతుంది. స్టీరింగు లేని అప్పలసూరి ఎవరు? గంట కొట్టేశారు, పిల్లలు బస్సెక్కేశారు. కళ్లు మూసుకుని పోగల దారి. ఈ ఒక్క ట్రిప్పూ నెమ్మదిగా దించేసి రేపు ఆస్పత్రికి పోతే ఏం మునిగిపోతుంది? ఇలా తనకి తానే నచ్చజెప్పుకుని, భారతి తిరిగి వచ్చేలోపే బస్సెక్కి ఇంజను స్టార్టు చేశాడు.

అలవాటు ప్రకారం నడిమి అద్దంలో పిల్లల్ని చూసుకున్నాడు. అందరూ ఉన్నట్టే అనిపించింది, యూకేజీ దుర్గాభవాని తప్ప. ఆ పిల్ల రోజూ చివరికే వస్తుంది. దుర్గ ఏదర్రా అని అడిగాడు. తాత ఆటలాడుతున్నాడని పిల్లలు కిసుక్కున నవ్వారు. తలుపు వైపు చూశాడు. ఎవరూ లేరు. వాళ్ల నాన్న వచ్చి తీసుకుపోయుంటాడనుకుని గేరు వేశాడు. బస్సు కొంచెం కదిలింది.

"తాతా, నానింకా ఎక్కలేదు."

మాట ఎడమ పక్కనుంచి వచ్చింది. బ్రేకు మీద కాలు దానంతటదే పడింది. చూస్తే మళ్లీ ఎవరూ లేరు. మెడ చాలక భుజంతో సహా అటు తిరిగాడు, అప్పుడు కనబడింది. ఒక కాలు మెట్టు మీద, ఇంకో కాలు నేల మీద. రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, సంచీ బరువుకి వెనక్కి వాలి ఉంది పిల్ల. వెనక చక్రం అక్కడికి ఎంతో దూరం లేదు.

"ఇందాకట్నుంచీ నన్నే సూస్తన్నావు గదా తాతా," అంది దుర్గాభవాని.

ఇంజను ఆపి తాళం పీకేశాడు. దిగి, బస్సును చేత్తో తడుముకుంటూ చుట్టూ తిరిగి ఆ పక్కకి వచ్చి, పిల్లని ఎత్తి సీట్లో కూర్చోబెట్టాడు. తిరిగి కిందికి దిగబోయాడు. మెట్టు మీదే కూలబడ్డాడు. భారతి, ప్రిన్సిపాల్ పరుగున వస్తున్నారు. తాళం భారతి చేతిలో పెట్టాడు. ఆవిడ తిట్టబోయింది గానీ అతని మొహం చూసి మానుకుంది.

"పొద్దున్న కూడా నానే తోలినాను మేడమ్," అన్నాడు. "ఎడం పక్క ఎవులికైనా తగిలిందేమో, దారి పొడుగునా ఓపాలి అడిగించండి."