లినక్సూ, గండికోటా, మా పెద్దనాయనా

ఆ రోజుల్లో కంప్యూటర్లో విండోస్ వాడేవాళ్ళను చూస్తే నాకు జాలి వేసేది. (నన్ను చూస్తే వాళ్ళకు ఏమనిపించేదో అడిగే తెలివి అప్పటికింకా రాలేదు.) కర్నూలు హాస్టల్లో ఒక సీనియర్ నా పాత కంప్యూటర్లో విండోస్ తీసేసి, లినక్స్ అనే ఉచిత వ్యవస్థను ఎక్కించినప్పటి నుంచి నేను మాల వేసుకున్నవాడిలా తయారయ్యాను. ఎవరి కంప్యూటర్ మొరాయించినా "లినక్స్‌లో అయితే ఇలా ఉండదు" అనేవాణ్ణి. అదే ఊపులో, చివరి ఏడాది ప్రాజెక్టుగా గండికోట లోయను గేమ్ ఇంజిన్‌తో తెర మీద కట్టి చూపిస్తానని, అదీ లినక్స్ మీదనే చూపిస్తానని క్లాసంతా వింటుండగా లేచి ప్రకటించాను. మా సారు ఆ మాటను ఉన్నదున్నట్టు కాగితం మీద రాయించి సంతకం పెట్టేశారు. ఇక వెనక్కి తగ్గడానికి లేదు. రివ్యూ నాటికి అది నడవకపోతే ప్రాజెక్టు పోతుంది, దాంతోపాటు ఏడాదీ పోతుంది.

గేమ్ ఇంజిన్ అంటే ఆటల్లో కొండలను, ఎండను, నీడలను పుట్టించే సాఫ్ట్‌వేర్. నేను ఎంచుకున్నది పెద్ద కంపెనీలు వాడే వ్యాపార సరుకు, విద్యార్థులకు ఉచితం. విండోస్ వాళ్ళకు బటన్ నొక్కితే దిగిపోతుంది. మాకు మాత్రం "ఇదిగో కోడ్, మీరే బిల్డ్ చేసుకోండి" అని లక్షల పంక్తులు చేతిలో పెట్టారు. బిల్డ్ అంటే ఆ కోడ్‌ను కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మార్చడం, గంటల తరబడి సాగే పని. ఆ ఫైళ్ళు తెరిచి చదవడం మొదలుపెట్టాను. ఎండ రాతి మీద పడి ఎంత ఎర్రగా తిరిగి రావాలో ఒకరు రాశారు. నీళ్ళ మీద గాలి ఎలా కదలాలో ఇంకొకరు రాశారు. ముక్కూ మొహం తెలియని ఎంతమంది మనుషులు ఎన్నేళ్ళు కూర్చుని ఇదంతా ఆలోచించారో! నిజంగానే చేతులు జోడించాను. (గదిలో ఎవరూ లేరని చూసుకున్నాకే.)

రివ్యూకు ముందు సెలవులకు కంప్యూటర్‌ను మూటగట్టుకుని జమ్మలమడుగు దగ్గర మా ఇంటికి వచ్చాను. మా వీధి చివరే బండల ఫ్యాక్టరీ. నాపరాళ్ళు కోసిన దుమ్ము ఊరంతా తెల్లగా పరుచుకుంటుంది. అందుకని మా ఇళ్ళల్లో ప్రతి వస్తువుకూ తొడుగు ఉంటుంది: టీవీకి, మిక్సీకి, కుట్టుమిషన్‌కు. అమ్మ నా కంప్యూటర్ డబ్బాకు కూడా నెమలి కుట్టిన దళసరి తొడుగు వేసి, బటన్ నొక్కడానికి మాత్రం చిన్న కన్నం ఉంచింది. నేనూ ఆ దుమ్ములో పెరిగినవాణ్ణే కనుక దాన్ని తీయాలన్న ఆలోచనే రాలేదు.

పొద్దున బిల్డ్ మొదలుపెడితే మధ్యాహ్నానికి సగం దాటేది, అంతలో కంప్యూటర్ టక్కున ఆరిపోయేది. కరెంటు పోయిందనుకుందామంటే పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉండేది. నేను నెట్లో వెతికి, ఇంజిన్ వాడుకునే ఏదో కోడ్ లైబ్రరీ వెర్షన్ తప్పని తేల్చి, అంతా తుడిచేసి మళ్ళీ మొదటికొచ్చేవాణ్ణి. ఇలా నాలుగు రోజులు గడిచాయి. రివ్యూకు ఇంకా మూడు రోజులే ఉన్నాయి.

ఆ ఫ్యాక్టరీలో కోత మిషన్ నడిపే మా పెద్దనాయన మధ్యాహ్నం భోజనానికి వచ్చి నన్ను చూశాడు.

"ఏమప్పా, మొగం అట్ల పెట్టుకోని కూసున్నావు?"

"ఇంజిన్ బిల్డ్ కాలేదు పెద్దనాయనా. లైబ్రరీ వెర్షన్ తప్పు ఉండాది."

ఆయన లైబ్రరీ సంగతి అడగలేదు. తొడుగు కింద చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"ఓర్నీ! కాలిపోతాంది గదరా ఇది."

"పని చేస్తాంటే కాలుతాది పెద్దనాయనా."

"మా కోత బ్లేడు గూడా కాలుతాది. అందుకే నీళ్ళు ఇడుస్తాండేది. దీనికి సల్లదనం యాడినుంచి ఇస్తాండావు?"

"లోపల చిన్న ఫ్యాన్ ఉండాది."

"దానికి గాలి యాడిది? రగ్గు కప్పి పండబెట్టినావు గదా!"

కంప్యూటర్ సైన్సులో నాలుగేళ్ళు వెలగబెట్టిన నాకు తట్టని మాట అది. "దుమ్ము పడితే ఎట్ల బావా?" అని అమ్మ అడ్డం వచ్చింది. "దుమ్ము తుడుచుకోవచ్చులేమ్మా, కాలిపోతే ఏం తుడుస్తావు?" అని ఆయన తొడుగు లాగేసి, పక్కరేకు విప్పించి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టాడు. చీకటి పడకముందే బిల్డ్ పూర్తయింది. తెర మీద తప్పు చూపే ఎర్ర అక్షరం ఒక్కటీ లేదు.

ఫోటోలు, కొండల ఎత్తులు ముందే సేకరించి పెట్టుకున్నాను. మర్నాడు పొద్దున్నుంచి వాటిని కూర్చి, మధ్యాహ్నం పెద్దనాయన ముందు తెర మీద సూర్యుణ్ణి ఉదయింపజేశాను. రాతి గోడలు ఒకటొకటిగా ఎర్రబడ్డాయి, అడుగున పెన్న మెరిసింది. అసలు గండికోటకు ఎన్నోసార్లు వెళ్ళాను కానీ అక్కడ కూడా నేనలా కళ్ళప్పగించి చూడలేదు. పెద్దనాయన తువ్వాలు భుజాన వేసుకుని చాలాసేపు చూశాడు.

"శానా బాగుండాది. అయితే రాయి తప్పప్పా. పొరలు నిలువుగా పెట్టినావు. ఆడ అడ్డంగా పోతాయి, పేర్చినట్ల. ఇట్ల నిలువుగా ఉండుంటే ఆ గోడ ఎప్పుడో ఏట్లో పడిపోయి ఉండేది."

నా దగ్గరున్న ఫోటో తెరిచి చూసుకున్నాను. ఆయన చెప్పిందే నిజం. గోడల మీద అతికించిన రాతి బొమ్మను అడ్డంగా తిప్పాను. అంతే, తెర మీది లోయ మా లోయ అయిపోయింది. ఆ కోడ్ రాసినవాళ్ళకు దండం పెట్టాలో, దుమ్ముతో నెరిసిన కనుబొమల ఈ మనిషికి పెట్టాలో తెలియలేదు.

రివ్యూలో బయటి కాలేజీ నుంచి వచ్చిన సారు నాచేత రెండుసార్లు సూర్యోదయం చేయించుకున్నారు. "రాళ్ళు అచ్చం అక్కడివే. ఎలా చేశావు?" అని అడిగారు. "చాలా పరిశోధన చేశాను సార్" అన్నాను. ఏడాది గట్టెక్కింది.

అట్ట వేయించిన రిపోర్టు ఇంటికి తెచ్చినప్పుడు పెద్దనాయన చేతులు కడుక్కుని వచ్చి పేజీలు తిప్పాడు. అంతా ఇంగ్లీషు. రెండో పేజీ దగ్గర ఆగాడు.

"ఈడ ఏం రాసినావు?"

"సాయం చేసినోళ్ళకు ధన్యవాదాలు చెప్పినా పెద్దనాయనా."

అందులో ప్రిన్సిపాల్ ఉన్నారు, సారు ఉన్నారు, ల్యాబ్ అటెండర్ ఉన్నాడు, నా ప్రశ్నకు నెట్లో ఒక ముక్క జవాబిచ్చిన ఎవరో విదేశీయుడు కూడా ఉన్నాడు.

"మంచి పని చేసినావప్పా" అని ఆ పేజీ నలగకుండా జాగ్రత్తగా తిప్పాడు. అప్పుడు తెలిసింది నాకు, అందులో ఆయన పేరు లేదని.

ఇప్పుడు నేను బతికేది అలాంటి ఇంజిన్ల మీదనే. అప్పుడప్పుడు ఆ రిపోర్టు తీసి, ముక్కూ మొహం తెలియనివాళ్ళకు సైతం దండాలు పెట్టిన ఆ మేధావిని తలచుకుని నవ్వుకుంటాను. ఆ పేజీలో సగం ఖాళీగానే ఉంది.