ఆకాశరాయుడి నీలి గడి

వీధిలో అందరూ అతన్ని ఆకాశరాయుడనేవారు. ఉపగ్రహంలోని ఓ పరికరం పంపే కొలతలు చూసి, ఏ ఊరి గాలిలో ఏ వాయువెంత ఉందో తేల్చడం అతని ఉద్యోగం. ఎండ నేలను తాకి తిరిగి పైకి పోయేటప్పుడు ఒక్కో వాయువు ఒక్కో రంగును కాస్త మింగుతుంది. ఏది ఎంత తగ్గిందో చూసి దొంగను పట్టుకోవచ్చు. ఏసీ గదిలో కూర్చుని దేశదేశాల గాలికి తీర్పులిచ్చే ఈ మహానుభావుడు, సొంత వంటింట్లో గ్యాసు లీకైతే మాత్రం భార్య చెబితేగానీ కనిపెట్టలేకపోయాడు.

అతని అక్క ఇల్లు రాగి కరిగించే ఫ్యాక్టరీ వెనక వీధిలో. ఓరోజు ఆమె, ఆరేసిన దుప్పటిని అలాగే పట్టుకొచ్చింది. జల్లెడలా చిల్లులు.

“ఒరేయ్, ఆ పొగకి బట్టలే ఆగట్లేదు, నా ఊపిరితిత్తులు ఆగుతాయా? ఇల్లమ్మేసి పోదామంటున్నారు మీ బావ.”

అతను ల్యాప్‌టాప్‌లో గళ్లుగళ్లుగా ఉన్న పటం తెరిచాడు. ఎరుపైతే గంధకపు విషం, నీలమైతే శుభ్రం. అక్క వీధి ఉన్న గడి నీలంగా మెరిసింది.

“చూశావా? పైనుంచి నేను చూస్తూనే ఉన్నాగా. దుప్పటి ఎలుకలు కొట్టుంటాయి.”

“ఆ పొగలో బతికాయంటే గట్టి పిండాలేరా,” అంది అక్క. అయినా తమ్ముడి మాట ఆమెకు వేదం. దుప్పటి అక్కడే వదిలేసి వెళ్లి, మొగుడి నోరు మూయించి, ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

ఏడాది తిరక్కుండా ఆస్పత్రి మంచమెక్కింది. డాక్టరు ఎక్స్‌రే చూసి, “ఈవిడ ఏ ఫ్యాక్టరీలో పనిచేసేవారు?” అన్నాడు.

“ఇల్లు దాటి ఎరగదండీ,” అన్నాడు బావ, ఆకాశరాయుడి వైపు చూడకుండా.

అతను ఆఫీసుకెళ్లి సవరించని కొలతలు తెరిచాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అతనే పెట్టిన నియమం ఒకటుంది: కొలత హద్దు దాటితే, అంత వాయువు ఉండటం అసంభవం గనుక, పరికరం తప్పని తీసిపారెయ్యాలి, ఆ ఖాళీని చుట్టుపక్కల గడుల సగటుతో పూడ్చాలి. గాలి మరీ చెడిపోతే మంచిదైపోయే ఏర్పాటన్నమాట. దానికి అప్పట్లో చప్పట్లు కూడా కొట్టారు. ఇప్పుడు ఆ నియమం తీసేశాడు. అక్క గడి నెత్తురు కక్కింది. నిన్నా అంతే, ఏళ్ల కిందటా అంతే.

ఆస్పత్రిలో అక్క ఆక్సిజన్ ముసుగు పక్కకి జరిపి అడిగింది. “మా వీధెలా ఉందిరా?”

“ఎర్రగా ఉందక్కా. నేనే కనబడకుండా చేశాను.”

ఆమె ముసుగు మళ్లీ పెట్టుకుని, రెండు గుక్కలు పీల్చి, తీసింది.

“పాపం, ఎలుకల్ని ఊరికే ఆడిపోసుకున్నాం.” నవ్వబోతే దగ్గు ముంచుకొచ్చింది. తగ్గాక అతని చెయ్యి వెతికి పట్టుకుంది. “అక్కడింకా జనం ఉన్నార్రా.”

ఆ వారంలోనే పోయింది.

అతను కొత్త పటాన్ని పై అధికారి ముందు పెట్టాడు.

“ఇంత ఎరుపేంటయ్యా! పరికరం చెడిందేమో. నేలమీద సరిచూశావా?”

“చూశానండీ.”

“దేంతో?”

ఆకాశరాయుడు సంచిలోంచి దుప్పటి తీసి బల్లమీద పరిచాడు. అధికారి ఓ చిల్లులో వేలు పెట్టి చూసి, వేలు తుడుచుకున్నాడు.

“ఎలుకలేమోనయ్యా,” అన్నాడు.