చప్పుడు కాని రూపాయి

మావాడు వేసిన రూపాయి నీళ్ళలో పడ్డ చప్పుడు వినపడలేదు. నాకు మొదట భయం వేసింది అక్కడే. వాళ్ళక్క వేసింది బుడుంగుమంది. వీడిది టంగుమంది. అంటే కిందెక్కడో ఇనుముకి తగిలి ఆగింది. నాలుగేళ్ళవాడు తన రూపాయి ఎక్కడుందో చూడకుండా ఊరుకుంటాడా?

మేం నడిచింది ఇబ్రహీంపట్నం అవతల, ఒకప్పుడు కంకర రైళ్ళు తిరిగి, ఆనక పాడుబడ్డ కట్ట మీద. పట్టాలు ఎప్పుడో పీక్కుపోయారు. కృష్ణ ఒడ్డునే ఉన్న ఆ కట్ట మీద నడవడం మా అపార్ట్‌మెంట్ వాళ్ళకి 'హైకింగ్'. లిఫ్ట్ ఆగిపోతే రెండో అంతస్తు ఎక్కలేక కింద కుర్చీ వేయించుకు కూర్చునే ప్రెసిడెంటు గారే దీనికి నాయకుడు. నేను సంచీలో దూది, కట్టుగుడ్డ, ఈల సర్దుతుంటే మా ఆయన నవ్వారు. "పిల్లల్ని హైకింగ్‌కి తీసుకెళ్తున్నావా, సారె పెట్టి పంపిస్తున్నావా?"

వాగు కృష్ణలో కలిసేచోట పాత రైలు వంతెన ఉంది. దాని మీద పరిచిన చెక్కలు సగం లేవు. సరిగ్గా అక్కడే ప్రెసిడెంటు గారికి భక్తి పుట్టుకొచ్చింది.

"రైల్లో పోతూ కృష్ణమ్మకి రూపాయి వెయ్యమా అండీ? రైలు లేదని ఆచారం మానేస్తామా?" అంటూ పిల్లలకి తలో బిళ్ళా ఇచ్చారు. అందరూ వేశారు. అందరూ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నారు, మా ఆయనతో సహా. నేను మూసుకోలేదు. పిల్లలు పుట్టాక గుళ్ళో కూడా నాకు కళ్ళు మూతపడవు.

మావాడు బోర్లా పడుకున్నాడు. చెక్క లేని సందులోంచి తల, భుజాలు, నడుం దాకా కిందికి దిగిపోయాయి. నా చేతికి నిక్కరు అందింది. లాగాను. వాడు పైకొచ్చాడు, కాలి చెప్పు జారి నీళ్ళలో పడింది. ఆ చప్పుడుకి అందరూ కళ్ళు తెరిచారు.

"చూశారామ్మా, కృష్ణమ్మ తల్లే కాపాడింది!" అన్నారు ప్రెసిడెంటు గారు.

"కృష్ణమ్మ కాదండీ, నిక్కరు ఎలాస్టిక్."

మా ఆయన మొహం పాలిపోయింది. అయినా, "పోన్లే, ఏం కాలేదుగా" అన్నారు. ఈ మాట కనిపెట్టినవాడికి పిల్లల్ని ఎత్తుకున్న అలవాటు ఉండి ఉండదు.

ఇల్లు చేరేసరికి గ్రూపులో ఫొటో వచ్చేసింది. ప్రెసిడెంటు గారు కళ్ళు మూసుకునే సెల్ఫీ తీసుకున్నారు. ముందు ఆయన భక్తి, వెనక అందరి భక్తి, ఓ మూల మావాడి రెండు కాళ్ళు, చెప్పులతో సహా. కింద వరసగా దణ్ణాల బొమ్మలు. ఆ కాళ్ళు ఎవరివని ఒక్కరూ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే వాడు అడిగాడు. "అమ్మా, నా రూపాయి అందలేదని కృష్ణమ్మకి కోపం వచ్చిందా?"

"చెప్పు తీసుకుందిగా, చాల్లే."

తర్వాత ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను. "ఏటికి దణ్ణం ఒడ్డు మీంచి పెట్టాలి. కళ్ళు తెరుచుకుని పెట్టాలి. పెద్దవాళ్ళు కళ్ళు మూసుకుంటే మీరు ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకోండి."

"నాన్న మూసుకున్నా?" అంది పెద్దది.

"నాన్న మూసుకుంటే ఇంకా గట్టిగా."