శనివారం చివరి రెండు పీరియడ్లు

ఉద్యోగంలో చేరిన రెండో ఏడే హెడ్మాస్టరు గారు టైంటేబుల్ వేసే పని నాకు అప్పగించారు. మొగల్తూరుకి సముద్రం వైపున్న ఒక ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూలు అది. తొంభైల మధ్య రోజులు. నేను లెక్కలు చెప్పేవాణ్ణి. ఎవరికి ఏ పీరియడ్ అన్నది నా చేతిలో ఉండేసరికి కొంచెం గర్వంగా కూడా ఉండేది.

అదే బడిలో సోషల్ చెప్పే టీచరుగారు ఒకావిడ ఉండేవారు. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. శనివారం చివరి రెండు పీరియడ్లూ ఆవిడవే. ఆ వేళ ఏడో తరగతి పిల్లల్ని గదిలో ఉంచేవారు కాదు. బడి వెనక అర కిలోమీటరు నడిస్తే ఉప్పుటేరు. దాని గట్టుకి తీసుకెళ్లేవారు. నీళ్లలో ఒక వెదురు గడ పాతించి, జానకొక గీత గీయించారు. వెళ్లగానే నీళ్లు ఏ గీత దగ్గరున్నాయో, వచ్చేటప్పుడు ఎక్కడికొచ్చాయో పిల్లలు నోటుబుక్కులో రాసుకోవాలి. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎందుకు ఎక్కువో వాళ్లే ఆలోచించి చెప్పాలి. బురదలో పీతలు, మడచెట్ల మీద కొంగలు, గాలి ఎటు నుంచి వీస్తోంది, అన్నీ పాఠాలే. తిరిగొచ్చేసరికి కాళ్లకి మోకాళ్ల దాకా బురద. మొహాలు మాత్రం వెలిగిపోతూ ఉండేవి. నా క్లాసులో ఆ మొహాలు నాకెప్పుడూ కనపడలేదు.

ఆ తరగతిలో ఒక అమ్మాయి మాట్లాడేది కాదు. మూగది కాదు. ముందు ఏడాది వాళ్లమ్మ కామెర్లొచ్చి పోయింది. తండ్రి అంతకుముందే ఎటో వెళ్లిపోయాడు. అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది, అంతే.

ఒక శనివారం ఖాళీ దొరికి నేనూ గట్టుకి వెళ్లాను. పిల్లలంతా గోల చేస్తున్నారు. ఆ అమ్మాయి ఒక్కతే గడకి ఎదురుగా గొంతుక్కూర్చుని నీళ్లకేసి చూస్తోంది. ఉన్నట్టుండి లేచింది.

"టీచర్ గారండీ! పోటెక్కుతోందండి! నాలుగో గీత ములిగిపోయిందండి!"

ఆ గొంతు నాకు కొత్త. టీచరుగారు మాత్రం ఏమీ ఆశ్చర్యపోకుండా, "అవునా? మాస్టారి వాచీలో టైము చూసి రాయమ్మా," అన్నారు. ఆ అమ్మాయి పరుగెత్తుకొచ్చి నా మణికట్టు పట్టుకుని వాచీ చూసింది. చేతులు తడిగా, చల్లగా ఉన్నాయి. మొహంలో బెరుకు లేదు.

తిరిగొచ్చే దారిలో టీచరుగారు, "నేనేం చెయ్యలేదండి," అన్నారు. "గదిలో అందరూ దాన్నే చూస్తారు. ఇక్కడ అది చూడ్డానికి బోల్డున్నాయి."

ఇదంతా నేను కళ్లారా చూశాను. చూసి కూడా ఆ పని చేశాను.

ఏడో తరగతికి అప్పట్లో కామన్ పరీక్షలుండేవి. ఆ ఏడు అర్ధసంవత్సరం పరీక్షల్లో సగంమంది లెక్కల్లో పోయారు. హెడ్మాస్టరు గారు పిలిచి, "ఏంటి మాస్టారూ ఇది?" అన్నారు. నేను చెప్పే తీరులో లోపముందేమోనన్న ఆలోచన నాకు రాలేదు.

"శనివారం రెండు పీరియడ్లు ఏటి దగ్గర వృథా అవుతున్నాయండి. అవి నాకిస్తే పిల్లల్ని గట్టెక్కిస్తాను," అన్నాను.

ఆయన సరేనన్నారు. కొత్త టైంటేబుల్ నేనే రాసి స్టాఫ్ రూములో అంటించాను. టీచరుగారు చదివి, "ఒక్క పీరియడైనా ఉంచండి మాస్టారూ," అని అడిగారు. పరీక్షలయ్యాక చూద్దామన్నాను. నిజానికి పరీక్షల భయం ఒక్కటే కాదు. ఆవిడంటే పిల్లలకున్న ఇష్టం చూసి నాకు కడుపుమంటగా ఉండేది. ఈ మాట ఒప్పుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

మూడో శనివారం ఆ అమ్మాయిని బోర్డు దగ్గరికి పిలిచాను. భిన్నాల లెక్క. సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయింది.

"నోట్లో నాలిక లేదా? ఏటిగట్టు మీదైతే బాగానే అరుస్తావుగా!"

పిల్లలు నవ్వారు. నేను కూర్చోమనలేదు. గంట కొట్టేదాకా అలాగే నిలబడింది. సోమవారం నుంచి బడికి రాలేదు.

పది రోజుల తర్వాత, టీచరుగారు పోరగా పోరగా, సైకిలేసుకుని వాళ్లింటికి వెళ్లాను. అరుగు మీద అమ్మమ్మా మనవరాలూ పక్కపక్కనే కూర్చుని లేసు అల్లుతున్నారు. ఆ అమ్మాయి తలెత్తలేదు.

"రేపట్నుంచి రా అమ్మా. ఏమీ అననులే," అన్నాను.

ముసలావిడే జవాబు చెప్పింది. "రాదండి మాస్టారూ. బతిమాలాను, కొట్టాను కూడానండి. ఇదివరకు శనివారం వస్తే ఏటి కబుర్లు చెప్పుకుంటా కడుపునిండా తినేదండి. హాయిగా నిద్రపోయేది. ఇప్పుడు ముద్ద దిగట్లేదండి దానికి. బళ్లో ఏం జరిగిందండి?"

"ఏం లేదండి," అన్నాను.

అప్పుడు ఆ అమ్మాయి తలెత్తి ఒక్కసారి నాకేసి చూసింది. మళ్లీ లేసు మీదకి వంగిపోయింది.

కామన్ పరీక్షల్లో మా లెక్కల ఫలితాలు బాగా వచ్చాయి. మీటింగులో హెడ్మాస్టరు గారు నన్ను మెచ్చుకున్నారు. ఆ అమ్మాయి పరీక్ష రాయలేదు. వేసవిలో టీచరుగారికి బదిలీ అయింది. ఆవిడ సామాను సైకిలు మీద పెట్టుకుని బస్టాపు దాకా వెళ్లాను. బస్సొచ్చేలోగా ధైర్యం చేసి, "తప్పు చేశానండి," అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. "నాతో అంటే ఏం లాభం మాస్టారూ? దాంతో అనండి," అన్నారు.

వెళ్లాలనే అనుకున్నాను. ఇవాళ, రేపు అంటూ సెలవులు గడిచిపోయాయి. బడి తెరిచాక ఆ రెండు పీరియడ్లూ మళ్లీ సోషల్‌కే వేశాను. కొత్తగా వచ్చిన మాస్టారు గది దాటలేదు. ఆఖరికి ఒక శనివారం నేనే పిల్లల్ని గట్టుకి తీసుకెళ్లాను. మడచెట్లు కొట్టేసి రొయ్యల చెరువులు తవ్వుతున్నారు. పిల్లలు నోటుబుక్కులు తెరిచి, "ఏం రాయమంటారండి?" అని నిలబడ్డారు. వాళ్లని బడికి తీసుకొచ్చి ఇళ్లకి పంపేశాను.

అక్కణ్ణుంచి తిన్నగా ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాను. తలుపుకి తాళం. పక్కింటావిడ చెప్పింది, ముసలావిడ పోయిందట, మేనమామ వచ్చి పిల్లని తీసుకెళ్లిపోయాడట.

"ఏ ఊరండి?"

"తెలీదండి. రావులపాలెం అవతలెక్కడో అన్నాడండి."

తర్వాత పనిచేసిన బళ్లలో నేను పిల్లల్ని బయటికి తిప్పడం నేర్చుకున్నాను. కాలవ వెడల్పు కొలిపించాను, కొబ్బరిచెట్టు ఎత్తు నీడని బట్టి లెక్కకట్టించాను. నోరు విప్పని పిల్లలు ఒకరిద్దరు విప్పారు కూడా. మంచి మాస్టారన్నారు. ఆ మాట వినబడ్డప్పుడల్లా తల దించుకునేవాణ్ణి. రావులపాలెం మీదుగా ఎన్నిసార్లు బస్సులో వెళ్లానో లెక్కలేదు. ఒక్కసారీ దిగి ఎవరినీ అడగలేదు.