మేకు దిగే చోటు

పక్క క్వార్టర్ కాక దేన్నయినా వేలి కణుపుతో తట్టి, చెవి ఒగ్గి వినేవాడు. బొగ్గుబాయిలో పైకప్పును కర్రతో కొట్టి, గుల్లగా మోగితే కూలుతుందని కనిపెట్టే అలవాటు. ఒకసారి అలాగే విని, మా ఆయన షిఫ్టు మొత్తాన్ని బయటికి తరిమాడు. వెనకాలే కప్పు కూలింది.

అంతమందిని కాపాడినందుకు కంపెనీ సభ పెట్టి, షీల్డు మాత్రం షిఫ్టు ఇన్‌చార్జి అని మా ఆయనకిచ్చారు. ఇంగ్లీషులో క్రెడిట్ అంటే నమ్మకం, మెప్పు రెండూనని చదువుకున్నదాన్ని. మొదటిది కాకకు బాయిలో అందరూ ఇచ్చారు. రెండోదీ కాకదేనని, కూరగాయల బండి దగ్గర కూడా వాదించే నేను, ఆ సభలో లేచి అనలేదు. చప్పట్లు కొట్టాను.

సాయంత్రం మా ఇంట్లో షీల్డు తగిలించడానికి కాకే వచ్చాడు. గోడంతా తట్టి, "ఈడ గుల్లగున్నది, గాడ కొడ్త" అన్నాడు. నావైపు తిరిగి నవ్వాడు.

"ఏంది బిడ్డా, ఇయ్యాల నీ నోరు లేస్తలేదు?"

నేను మేకు అందించాను.