నేల దగ్గర పెట్టిన దొంగ సున్నా

మీ ఇంటి గడప రోడ్డు కన్నా ఎంత ఎత్తులో ఉందో, ఆ ఎత్తును ఎవరు ఏ లెక్కతో నిర్ణయించారో మీరెప్పుడైనా అడిగారా? అడిగి ఉండరు. గృహప్రవేశానికి ఏ ఘడియ మంచిదో మాత్రం ముగ్గురినైనా అడిగి ఉంటారు.

మమ్మల్ని అనడానికి నీకేం అర్హత ఉందని మీరు నన్ను నిలదీయవచ్చు. నిలదీయండి. ఆ అర్హత నేనెలా పోగొట్టుకున్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తొంభైల చివర్లో నేను ఉక్కు ప్లాంటు ఊరు భిలాయిలో ఒక చిన్న ఇంజినీరు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. బోర్డు మీద టీ-స్క్వేర్‌తో గీసిన చేతులకు కొత్తగా కంప్యూటర్ వచ్చింది. అందులో గోడలు లేపితే తెర మీద ఇల్లు నిలబడేది. ముందు వైపు నుంచి చూపమంటే ఎలివేషన్ బొమ్మ వచ్చేది. దాని మీద ఎత్తులు రాయడం నా పని. చిన్న త్రికోణం గుర్తును కిటికీ అంచు మీదో స్లాబు మీదో పెడితే ఆ చోటు ఎంత ఎత్తులో ఉందో అదే కొలుచుకుని అంకె వేసేది. సున్నా ఎక్కడో మాత్రం ముందుగా మనం చెప్పాలి. దానికి పైనున్నదంతా ప్లస్, కిందున్నదంతా మైనస్. ఆ యంత్రానికి భయం లేదు, భక్తి లేదు, మొహమాటం లేదు. అందుకే నాకది నచ్చింది.

ఆదివారం సాయంత్రాలు నేను వేరే మనిషిని. ప్లాంటు టౌన్‌షిప్ సెక్టర్‌లోని లైబ్రరీ హాల్లో మన తెలుగువాళ్ళం చర్చలు పెట్టుకునేవాళ్ళం. ముహూర్తాల మీద చర్చ జరిగిన రోజు నేను లేచి ఒకటే అడిగాను: "రాహుకాలం వచ్చిందని ఫర్నేసులో ఇనుము కరగడం మానేస్తోందా? షిఫ్టు సైరను మోగడం మానేస్తోందా?" ప్లాంటువాళ్ళు బల్లలు చరిచారు. అవతలి వక్త కండువా సర్దుకుని కూర్చుండిపోయాడు. ఆ చప్పట్లు నాకు చాలాకాలం చెవుల్లో ఉండేవి. 

రోలింగ్ మిల్లులో పనిచేసి రిటైరవుతున్న ఒక పెద్దాయన మా ఆఫీసుకి వచ్చాడు. శ్రీకాకుళం వైపు మనిషి. సెక్టర్ 2లో క్వార్టరు ఖాళీ చెయ్యాలి. టౌన్‌షిప్ బయట స్థలం కొన్నాడు. అది రోడ్డు కన్నా రెండడుగుల లోతు. నీళ్ళ పైపు పట్టి మట్టం చూసింది నేనే. డ్రాయింగులో అంకెలన్నీ మిల్లీమీటర్లలో ఉంటాయి, మీకోసం అడుగుల్లో చెప్తాను. రోడ్డు దగ్గర సున్నా పెట్టాను. ఇంటి నేల దానికి అడుగున్నర పైన, అంటే ప్లస్ ఒకటిన్నర. స్థలం మట్టం మైనస్ రెండు. కాబట్టి మేస్త్రీ స్థలంలోంచి మూడున్నర అడుగులు పునాది లేపాలి. ఇందులో చిక్కేమీ లేదు.

పెద్దాయన తన వెంట ఒక వాస్తు సిద్ధాంతిని తెచ్చాడు. సిద్ధాంతి ప్రింటును బల్ల మీద పరిచి, మైనస్ గుర్తు మీద వేలు పెట్టాడు.

"ఇదేమిటి?"

"స్థలం లోతండీ," అన్నాను.

"ఇంటి పత్రం మీద రుణం గుర్తా? ఇల్లు పుట్టకముందే లోటుతో మొదలు పెడతారా? తీసెయ్యండి. భూమి దగ్గర సున్నా ఉండాలి."

"అలాగే పెడతాను. అప్పుడు ఇంటి నేల ప్లస్ మూడున్నర అవుతుంది."

"కుదరదు. అడుగున్నరకి ఆయం లెక్క కట్టి, శుభమని చూసి ఇచ్చాను. మూడున్నరకి ఆయం నప్పదు."

పెద్దాయన నా వంక జాలిగా చూశాడు. "రాసిడానికేటి బావూ, ఆయన సెప్పినట్టు రాసీ. కాయితమే గదా!"

భూమి దగ్గర సున్నా, ఇంటి నేల దగ్గర అడుగున్నర. రెండూ ఒకే బొమ్మలో నిజం కావు, ఒకటి తప్పకుండా అబద్ధం. ఈ మాట నేను హిందీలో మా ఇంజినీరుకు చెప్పాను. ఆయన స్థలం చూడలేదు, చూసే తీరికా లేదు. "క్లయింట్ కా ఘర్ హై భాయ్, క్లయింట్ కీ మర్జీ. హటా దో మైనస్," అన్నాడు. ఇల్లు వాళ్ళది, ఇష్టం వాళ్ళది, మైనస్ తీసెయ్యమని.

యంత్రం ఒప్పుకోలేదు. గుర్తును స్థలం మట్టం మీద ఎన్నిసార్లు పెట్టినా మైనస్ రెండనే వేసింది. చివరికి అంకెను తెర మీది ఇంటి మోడల్ నుంచి విడదీసి, మైనస్ చెరిపి, నా చేత్తో సున్నా టైపు చేశాను. బొమ్మలో రెండు సున్నాలు ఉండకూడదు కనుక రోడ్డు దగ్గరున్న సున్నా తీసేశాను. సిద్ధాంతి సంతృప్తిగా తలూపాడు. లైబ్రరీ హాల్లో అతని తోటివాళ్ళను ఓడించినవాణ్ణి, ఆఫీసు బల్ల దగ్గర అతని గుమాస్తానయ్యాను.

ఆ ఇల్లు కట్టడానికి పెద్దాయన పిలిచిన మేస్త్రీ క్యాంప్ 2 బస్తీలో మా ఇళ్ళ వరసలోనే ఉండేవాడు. నేను మావా అని పిలిచేవాణ్ణి. ప్లాంటు నుంచి రిటైరైన మనవాళ్ళెవరు స్థలం కొన్నా ముందు అడిగేది, ఆ మేస్త్రీ ఖాళీగా ఉన్నాడా అని. అతని గోడకి తూకం గుండు వేసి చూడక్కర్లేదనేవారు. అతనికి ఉన్నదల్లా ఆ పేరే.

అతను పునాది మొదలుపెట్టే ముందు ప్రింటు చుట్టుకుని మా ఆఫీసుకొచ్చాడు.

"అల్లుడా, ఆ జాగా గుంటలాగుంది. ఈ అడుగున్నర నేల్నించేటి, రోడ్డు నించేటి?"

నేను నోరు తెరిచాను. ఇంజినీరు తన బల్ల నుంచే అందుకున్నాడు: "మిస్త్రీ, జో లిఖా హై వహీ బనావ్. నాపో మత్, పఢో."

రాసిందే కట్టు. కొలవకు, చదువు. మా ప్రతి షీటు మూలనా అచ్చేసి ఉండే నియమమే అది. కాగితం సాగుతుంది, కుదించుకుపోతుంది, అందుకని బొమ్మను స్కేలుతో కొలవకూడదు, రాసిన అంకెనే నమ్మాలి. మంచి నియమమే. అంకె రాసినవాడు నిజాయితీపరుడైతే.

మావ నా మొహం కేసి చూశాడు. నేను తెర కేసి చూశాను.

"సర్లే. సదువుకున్నోల్లు రాసినారు, నానేటి సెప్పీది," అని నవ్వి వెళ్ళిపోయాడు. పంచాంగాన్ని నమ్మేవాళ్ళను నేను వెక్కిరించేవాణ్ణి. ఆ మనిషి నా కాగితాన్ని అలాగే నమ్మాడు.

స్థలంలోంచి అడుగున్నర లేపాడు. అంటే ఇంటి నేల రోడ్డు కన్నా అరడుగు కిందికి పోయింది. మొదటి వర్షాకాలం రోడ్డు మీది నీళ్ళు మెట్లు దిగినట్టు దిగి హాల్లోకి వచ్చాయి. పెద్దాయన మంచాలు ఇటుకల మీద ఎత్తి, మమ్మల్ని పిలిపించాడు. మేం వెళ్ళేసరికి వీధివాళ్ళంతా గుమిగూడి ఉన్నారు. సిద్ధాంతి ఈశాన్యంలో రాగిరేకు పాతమన్నాడట. ఆ రేకు కూడా నీళ్ళలోనే ఉంది.

"తాగీసి కట్టినావేట్రా? ఇన్నాల్లూ నీ పేరు ఇన్నాను. ఇదేనేటి నీ పేరు?" అని పెద్దాయన అందరి ముందూ అరుస్తున్నాడు.

"బావూ, కాయితంల ఉన్నదే కట్టినాను. సూడండి," అంటూ మావ ప్రింటు తీశాడు. సిమెంటు పాలు పడి, వానకి తడిసి, అది ముద్దయింది. అంకెలు కనిపించలేదు.

"మా ఆఫీసుకి రండి, కంప్యూటర్లో చూపిస్తాను," అన్నాడు ఇంజినీరు హిందీలో, ధీమాగా. దారిలో నాతో మెల్లగా అన్నాడు: "లేబుల్ వాపస్ జోడ్ దేనా." అంకెను మళ్ళీ మోడల్‌కి కలిపెయ్యమని.

ఆఫీసులో వాళ్ళను బయట కూర్చోబెట్టి నేను తెర ముందు కూర్చున్నాను. మోడల్లో ఇల్లు మొదటి రోజు ఎలా నిలబడిందో అలాగే ఉంది. స్థలం రోడ్డుకి రెండడుగుల కిందే ఉంది. నేను టైపు చేసిన సున్నాను తీసేసి గుర్తును మళ్ళీ స్థలం మట్టం మీద పెట్టాను. మైనస్ రెండు వచ్చింది. రోడ్డు దగ్గర సున్నా తిరిగొచ్చింది. యంత్రం ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. దాని నిజాన్ని తెచ్చి నా అబద్ధం మీద కప్పాను. ఇంజినీరు తెర మీద పెన్సిల్ పెట్టి చూపించాడు: "దేఖియే, మైనస్ సాఫ్ లిఖా హై. మిస్త్రీ కీ గల్తీ." మైనస్ స్పష్టంగానే రాసి ఉంది, తప్పు మేస్త్రీదేనట. పెద్దాయన అడిగితే తనే తీయించిన మైనస్సది. ఆ సంగతి పెద్దాయన మరిచిపోయాడో, మరిచిపోవడం సుఖమనుకున్నాడో నాకు తెలియదు.

మావ ఆ తెరను చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు.  నేను అక్కడ ఒక్క వాక్యం అంటే చాలు. అనలేదు. ఉద్యోగం పోతుందని భయం. లైబ్రరీ హాల్లో గంటసేపు మాట్లాడగలిగినవాడికి అవసరమైన చోట ఒక్క వాక్యం రాలేదు.

ఆ తర్వాత మనవాళ్ళెవరూ అతన్ని పిలవలేదు. జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద బస్తాలు మోయడానికి వెళ్ళేవాడు. రెండేళ్ళ తర్వాత ఆ ఆఫీసు మానేసిన రోజున నేను అతని ఇంటికి వెళ్ళి, జరిగిందంతా చెప్పాను. జుట్టులోనూ కనుబొమల్లోనూ సిమెంటు పొడితో గుమ్మంలో కూర్చుని విన్నాడు.

"నాకెందుకు సెప్తన్నావు అల్లుడా? నాకు తెలీదేటి? ఆ దినమే నీ మొకం సదివినాను. కొలవద్దన్నారు గదా." చేతులు దులుపుకున్నాడు. "నన్ను తిట్టినోల్ల ముందర సెప్పు. అప్పుడు రా."

తిట్టినవాళ్ళ దగ్గరికి నేను వెళ్ళలేదు. పెద్దాయన ఇల్లు అమ్ముకుని ఊరు వెళ్ళిపోయాడు. మావ కూడా చెప్పకుండా ఎటో వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నేను ఎన్ని సభల్లో మూఢనమ్మకాల మీద మాట్లాడానో లెక్కలేదు. సిద్ధాంతులను తిట్టడం తేలిక. సిద్ధాంతి వేలు చూపించాడంతే, చెరిపింది నా చెయ్యి.

భిలాయిలో ఆ ఇంటిని, ఆ వానను, ఆ గొడవను ఎరిగినవాళ్ళు ఇది చదువుతుంటే వినండి: తప్పు మేస్త్రీది కాదు, నాది. ఈ మాట మీ వీధిలో పైకి చెప్పండి. ఇక మిగిలిన మీరు. మీరు చెరిపిన అంకె వల్ల ఎవడో ఒకడు ఎక్కడో నిందపడి తిరుగుతున్నాడు. అతనెవరో మీకు తెలుసు. ఈ కాగితం కింద పెట్టి లేవండి. అతని దగ్గరికి కాదు, అతన్ని తిట్టినవాళ్ళ దగ్గరికి వెళ్ళి, అందరి ముందూ, ఈ రోజే చెప్పండి.