కుక్కగూట్లో నిరాహార దీక్ష

తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లే దీక్షలో కూర్చున్న రోజుల్లో, గూడూరు దగ్గరి మా ఊరి పరువును నేను ఒక కుక్కగూట్లో ముంచబోయాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి.

మా రిలే నిరాహార దీక్ష సులువైనదే. రోజుకు ఐదుగురు పొద్దున డేరాలో కూర్చుని సాయంత్రం నిమ్మరసం తాగి లేవాలి. నాకేమో ఆకలంటే చచ్చేంత భయం. అందుకే నా వంతుకు ముందురోజు డేరా వెనక మా కుక్క చుక్కికి చలికి ఆగే గూడు కట్టాను. పాత తలుపు చెక్కలు, చుట్టూ వరిగడ్డి, పైన గోనెసంచులు. గాలి పేరు చెప్పి వాకిలిని డేరాకు కనబడకుండా అటువైపు పెట్టాను. ఎంత జాలిగుండె అని ఊరంతా మెచ్చుకుంది, పక్కింటి మల్లవ్వ తప్ప.

"కుక్కకు గింత పెద్ద గూడెందుకురా?"

"కాళ్లు సాపుకుంటదని అవ్వా."

"కుక్క ముడుసుకొని పంటది గద."

నేను వినపడనట్టు గడ్డి సర్దాను.

మరునాడు దీక్షలో మల్లవ్వ సరిగ్గా నా పక్కనే కూర్చుంది. మధ్యాహ్నం మా అమ్మ "చుక్కికి బువ్వ" అంటూ టిఫిన్ డబ్బా గూట్లో పెట్టి పోయింది. పచ్చడి వాసనకు మల్లవ్వ ముక్కు ఎగబీల్చింది.

"కుక్కకు మామిడికాయ తొక్కేందిరా?"

"చలికి మంచిదట."

"ఎవలు చెప్పిన్రు?"

 ఆమె నన్ను, నేను గూటిని చూస్తూ గంట గడిపాం. ఆమెకు కునుకు పట్టగానే మెల్లగా లేచి వెళ్లి గూట్లో దూరాను. లోపల వెచ్చగా ఉంది. నిజం చెప్పాలి, గొప్పగా కట్టాను. మూడో ముద్ద నోట్లో ఉండగా అడుగుల చప్పుడు.

"గూట్ల ఎవలు?"

మల్లవ్వే. దొరికితే మండలమంతా మా దీక్షను చూసి నవ్వుతుంది. నోటి నిండా తొక్కన్నం. ఉన్న తెలివంతా కూడగట్టి "గుర్ర్" అన్నాను.

మల్లవ్వ గూటి వాకిలి దగ్గరికి వంగింది.

"చుక్కి నా కాళ్ల కాడనే ఉన్నది బిడ్డా," అంది మల్లవ్వ నెమ్మదిగా. "మంది సూడకముందు మూతి తుడుసుకొని రా. రేపు మల్ల కూసో, జర సక్కగ."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతి తెలియదు కానీ మల్లవ్వ పట్టేస్తుంది. మరునాడు నిజంగానే పస్తు ఉన్నాను. చుక్కి గూట్లో వెచ్చగా పడుకుని ఆ డబ్బా నాకుతూ ఉంది.

ఆ డబ్బా మీద ఒట్టు. ఇక మీదట కుక్కగూడు కడితే కుక్క కొలతకే కడతాను. గుర్రుమనే ముందు కుక్క ఎక్కడుందో చూసుకుంటాను.